ఒక్కడికే చోటు: కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ ఎంపిక ఎందుకంత తలనొప్పి

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో పెద్ద యూనివర్సిటీలున్న ఊళ్లన్నిటా ఒకటే చర్చ. ఈ ఏడాది మన క్వార్టర్‌బ్యాక్ ఎవరు? బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆటని నడిపించేది అతనే. కొలంబస్‌లోనో, ఆస్టిన్‌లోనో, ఆన్ ఆర్బర్‌లోనో ఎం.ఎస్. చేస్తున్న మన కుర్రాళ్లకి మొదటి ఏడాది ఈ గోల వింతగానే ఉంటుంది. ఇద్దరు పోటీలో ఉన్నారు, ఎవడు బాగా ఆడితే వాణ్ణి దింపొచ్చు కదా, దానికి నెలల తరబడి సస్పెన్స్ ఎందుకు అనిపిస్తుంది.

చిక్కంతా అక్కడే ఉంది. బాగా ఆడేదెవరన్నది ఒక ప్రశ్న. మొదట దింపాల్సింది ఎవర్నన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు చెప్పేటప్పుడు కోచ్ లెక్కలోకి ప్రత్యర్థి ఎవరు, మన డిఫెన్స్ ఎంత గట్టిది, గాయమైతే ఎవరున్నారు, ఎంపిక కానివాడు జట్టులో ఉంటాడా పోతాడా అన్నవన్నీ వస్తాయి. 2018 తర్వాత మారిన నిబంధనల పుణ్యమా అని ఆ చివరి ప్రశ్న బరువు బాగా పెరిగింది.

## అసలు క్వార్టర్‌బ్యాక్ చేసే పనేంటి

మైదానంలో జట్టుకి 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, వాటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకి వెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు. అలా వెళ్తూ అవతలి కొసనున్న ఎండ్ జోన్‌లోకి బంతిని చేరిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు.

ప్రతి డౌన్‌లోనూ సెంటర్ అనే ఆటగాడు వంగి, బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందిస్తాడు. అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. అక్కణ్ణుంచి అతని చేతిలో ఉండేది మూడు సెకన్లకి అటూ ఇటూ. పక్కవాడికి బంతి ఇవ్వాలా, పరిగెడుతూ పాస్ అందుకునే రిసీవర్‌కి విసరాలా, తానే పరిగెత్తాలా తేల్చుకోవాలి. తేల్చుకోలేక ఆగితే అవతలివాళ్లు వచ్చి పడగొడతారు. అది సాక్. కంగారుపడి తప్పుగా విసిరితే బంతి వాళ్ల చేతిలో పడుతుంది. అది ఇంటర్‌సెప్షన్.

బంతి చేతికి రాకముందే సగం పని అయిపోవాలి. ఎదురుగా డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, కోచ్ పంపిన ప్లే, అంటే ఆ డౌన్‌కి వేసుకున్న ఎత్తు, పనికిరాదనిపిస్తే అక్కడికక్కడే మార్చేస్తాడు. లక్షమంది అరుస్తున్న స్టేడియంలో ఆ మార్పు మిగతా పదిమందికీ తెలియాలి. పై స్థాయి కాలేజీ జట్లకి 2024 నుంచి హెల్మెట్‌లో స్పీకర్ పెట్టుకునే వీలు వచ్చింది. కానీ ప్లే మొదలుపెట్టాల్సిన గడియారంలో 15 సెకన్లు మిగలగానే అది ఆగిపోతుంది. ఆ తర్వాత కుర్రాడు ఒంటరివాడే.

బంతి పట్టి పరిగెత్తేవాళ్లని, రిసీవర్లని కోచ్‌లు మార్చి మార్చి ఆడిస్తారు. నాలుగో రిసీవర్‌కి కూడా మ్యాచ్‌లో కాస్త పని దొరుకుతుంది. క్వార్టర్‌బ్యాక్ సంగతి క్రికెట్లో వికెట్ కీపర్ లాంటిది. పంత్ గ్లవ్స్ తొడుక్కున్నంత కాలం మన విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ జట్టుతో తిరిగాడు, నెట్స్‌లో కష్టపడ్డాడు, అంతే. టెస్టు టోపీ అందింది పంత్ ప్రమాదంలో గాయపడ్డాక, 2023 ఫిబ్రవరిలో. కాలేజీ ఆటగాడికి అంత తీరుబడి లేదు. మామూలు నిబంధన ప్రకారం చేరిన దగ్గర్నుంచి ఐదేళ్లు, అందులో ఆడగలిగేది నాలుగు సీజన్లు.

## కోచ్‌కి దొరికే ఆధారం ఎంత

చాలా తక్కువ. వసంతకాలంలో 15 ప్రాక్టీసులు, సీజన్ ముందు ఆగస్టులో పాతిక దాకా. వాటిలో కొన్ని రోజులు పూర్తి కవచాలు కూడా ఉండవు. పైగా ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరూ కొట్టకూడదు. అందుకే అతనికి వేరే రంగు జెర్సీ తొడిగిస్తారు, దగ్గరికి వస్తే విజిల్ ఊదేస్తారు. ఎముకలు కదిలేలా ఒక దెబ్బ తగిలాక తర్వాతి బంతిని అంతే నిబ్బరంగా విసరగలడా అన్నదే ఈ ఉద్యోగానికి అన్నిటికన్నా పెద్ద అర్హత. దాన్ని పరీక్షించే వీలు ప్రాక్టీసులో లేదు.

ఇంకో ఇబ్బంది రెప్స్‌తో. అంటే ప్రాక్టీసులో ఒక్కో ఆటగాడికి దొరికే ప్లేల సంఖ్య. ఇద్దరికీ సమానంగా పంచితే ఇద్దరూ సగం సగమే సిద్ధమవుతారు. ఒకరికే ఎక్కువిస్తే రెండోవాణ్ణి చూడకుండానే తేల్చేసినట్టవుతుంది. పైగా ఎవరితో కలిసి ఆడారన్నది కూడా ముఖ్యం. మొదటి జట్టు ఆఫెన్సివ్ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డు నిలబడి కాపాడేవాళ్లు) వెనక నిలబడినవాడికి విసరడానికి నాలుగు సెకన్లు దొరికితే, రెండో జట్టు లైన్ వెనకవాడికి రెండే దొరకొచ్చు. అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడు ఈ తేడా కనపడదు.

## అంకెలు ఏం చెబుతాయి, ఏం దాస్తాయి

కాలేజీ ఫుట్‌బాల్‌లో పాసర్ రేటింగ్ అని ఒక లెక్క ఉంది. విసిరి సాధించిన గజాల్ని 8.4తో, టచ్‌డౌన్ పాస్‌ల్ని 330తో, రిసీవర్ చేతికి అందిన పాస్‌ల్ని 100తో గుణించి కలుపుతారు. అందులోంచి ఒక్కో ఇంటర్‌సెప్షన్‌కి 200 చొప్పున తీసేస్తారు. మిగిలినదాన్ని మొత్తం ప్రయత్నాలతో భాగిస్తారు.

ఇద్దరు ఊహా కుర్రాళ్లని తీసుకుందాం. ఒకడి పేరు నిదానం, ఇంకొకడి పేరు దూకుడు. ఇద్దరూ చెరో 25 సార్లు విసిరారు. నిదానం వేసిన వాటిలో 18 అందాయి, 180 గజాలు, ఒక టచ్‌డౌన్, ఇంటర్‌సెప్షన్లు లేవు. లెక్క వేస్తే 1512, 330, 1800 కలిపి 3642. దాన్ని 25తో భాగిస్తే 145.7. దూకుడు వేసిన వాటిలో అందినవి 14 మాత్రమే, కానీ 240 గజాలు, రెండు టచ్‌డౌన్లు, రెండు ఇంటర్‌సెప్షన్లు. 2016, 660, 1400 కలిపి, 400 తీసేస్తే 3676. రేటింగ్ 147.0.

అంకెల ప్రకారం ఇద్దరూ ఇంచుమించు సమానం. ఆట చూసినవాడెవడూ ఆ ఇద్దర్నీ ఒకలాంటివాళ్లని అనడు. ఈ సూత్రంలో ఒక ఇంటర్‌సెప్షన్ ఖరీదు సుమారు 24 గజాలు. మన గోల్ దగ్గర బంతి పోగొట్టుకుంటే అవతలివాళ్లు అట్నుంచి అటే స్కోరు చేసేస్తారు, అప్పుడు 24 గజాలంటే కారుచవక. అవతలి కొసన పోగొట్టుకుంటే అంత నష్టమేమీ లేదు. ఇక సాక్‌ల సంగతి. కాలేజీ గణాంకాల్లో వాటి నష్టాన్ని పరిగెత్తి సాధించిన గజాల ఖాతాలో రాస్తారు కాబట్టి పాసర్ రేటింగ్‌కి అసలు తెలియదు. దూరంగా ఉన్న రిసీవర్ కోసం బంతి పట్టుకుని ఎదురుచూసే దూకుడు నాలుగుసార్లు పడిపోయి 30 గజాలు పోగొట్టినా రేటింగ్ 147 దగ్గరే ఉంటుంది.

మరి ఎవర్ని దింపాలి? ఇక్కడ ప్రత్యర్థి లెక్కలోకి వస్తాడు. నిదానం ఆడితే జట్టు ఎప్పుడూ 21 పాయింట్లు చేస్తుందనుకుందాం. దూకుడు ఆడితే సగం మ్యాచ్‌ల్లో 35, సగం మ్యాచ్‌ల్లో 10. సగటు తీస్తే దూకుడిదే కాస్త పైచేయి, 22.5. అవతలి జట్టు 17 పాయింట్లు చేసే రకమైతే నిదానంతో ప్రతిసారీ గెలుస్తాం, దూకుడుతో సగమే. అవతలి జట్టు 28 చేసే రకమైతే నిదానంతో ప్రతిసారీ ఓటమే, దూకుడుతో సగం గెలుపులు. నిజం ఆటలో అంకెలు ఇంత శుభ్రంగా విడిపోవు. అయినా గట్టి డిఫెన్స్ ఉన్న కోచ్ తప్పులు చేయనివాణ్ణి ఎంచుకోవడం, వెనకబడ్డ కోచ్ తెగించేవాణ్ణి పిలవడం ఎందుకో దీంతో అర్థమవుతుంది. అభిమానులు కోచ్‌ని పిరికివాడని తిట్టే సందర్భాల్లో సగం ఇలాంటివే.

## అట్లాంటాలో ఒక హాఫ్‌టైమ్

ఈ లెక్కకి అందరికీ గుర్తున్న ఉదాహరణ 2018 జనవరి 8న జరిగిన జాతీయ ఫైనల్. జార్జియా మీద అలబామా. అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ అప్పటికి రెండు సీజన్లుగా స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలయ్యేటప్పుడు దిగేవాడు. ఒకే ఒక్క ఓటమి, అది కూడా అంతకుముందు ఏడాది ఫైనల్లో ఉన్న రికార్డుతో సీజన్ మొదలుపెట్టినవాడు. పరుగు బాగుంటుంది, బంతి పోగొట్టుకోడు. అలాంటివాడు ఆ రోజు మొదటి సగంలో 8 సార్లు విసిరితే 3 అందాయి, మొత్తం 21 గజాలు. హాఫ్‌టైమ్‌కి జార్జియా 13-0తో ముందుంది.

కోచ్ నిక్ సేబన్ అతన్ని కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువా టాగోవైలోవాని దింపాడు. టువా మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. మధ్యలో ఒక ఇంటర్‌సెప్షన్ కూడా ఇచ్చాడు. ఓవర్‌టైమ్‌లో సాక్ అయ్యి 16 గజాలు వెనక్కి పోయాడు, వెంటనే డెవొంటా స్మిత్‌కి 41 గజాల పాస్ వేశాడు. 26-23తో అలబామాకి టైటిల్.

సేబన్‌ని మెచ్చుకున్నవాళ్లెంతమందో, టువాని సెప్టెంబరు నుంచే ఎందుకు ఆడించలేదని అడిగినవాళ్లూ అంతమంది. ఆ విమర్శలో నిజం ఉంది గానీ కొంతే. అలబామాకి డిఫెన్స్ గట్టిది. హర్ట్స్ స్టార్టర్‌గా ఆడిన 28 మ్యాచ్‌ల్లో 26 గెలిచిన లెక్కలో ఈ ఫైనల్ కూడా ఉంది. 13 పాయింట్లు వెనకబడేదాకా దూకుడు అవసరం ఆ జట్టుకి రాలేదు. అవసరం వచ్చాక ఆగడానికి కారణమూ లేదు.

## ఒకే శనివారం, రెండు జట్లు

ఆ ఏడాదే రెడ్‌షర్ట్ నిబంధన మారింది. రెడ్‌షర్ట్ అంటే ఒక సీజన్‌లో ఆడకుండా ఉండి, ఆ ఏడాదిని తన నాలుగు సీజన్ల లెక్కలోంచి తప్పించుకోవడం. 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ వెసులుబాటు పోదన్నారు. గాయపడినవాళ్ల కోసమో, కొత్త పిల్లలకి కాస్త అనుభవం రావాలనో పెట్టిన నిబంధన. క్వార్టర్‌బ్యాక్‌లకి మాత్రం అది నాలుగో మ్యాచ్ తర్వాత తెరుచుకునే తలుపైంది. ఆ తలుపు దగ్గరకి ఒకే వారంలో ఇద్దరు వచ్చారు.

మొదటివాడు క్లెమ్సన్‌లో కెల్లీ బ్రయంట్. 2017లో జట్టుని ప్లేఆఫ్‌కి చేర్చినవాడు, సీనియర్. 2018లో మొదటి నాలుగు మ్యాచ్‌లూ అతనే స్టార్టర్, నాలుగూ గెలిచారు. కానీ అతని వెనక ట్రెవర్ లారెన్స్ అనే మొదటి ఏడాది కుర్రాడు ఉన్నాడు. నాలుగో మ్యాచ్‌లో బెంచ్ మీంచి వచ్చి జార్జియా టెక్ మీద నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. సోమవారం కోచ్ డాబో స్వీనీ ఇక లారెన్స్ స్టార్టర్ అన్నాడు. రెండు రోజుల్లో బ్రయంట్ జట్టు వదిలేశాడు. మిగిలిన ఏడాది అర్హతని దాచుకుని తర్వాత మిజోరికి వెళ్లాడు.

శనివారం, సెప్టెంబరు 29. సిరక్యూస్‌తో మ్యాచ్. రెండో క్వార్టర్‌లో లారెన్స్ తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. బ్రయంట్ లేడు. మిగిలింది చేస్ బ్రైస్, మూడోవాడు. అతను చివర్లో జట్టుని 94 గజాలు నడిపించి 27-23తో గెలిపించాడు. ఆ 94 గజాల నడక మధ్యలో ఆగిపోయి ఉంటే స్వీనీ నిర్ణయాన్ని ఈ రోజుకీ తిట్టుకునేవాళ్లు. క్లెమ్సన్ ఆ సీజన్‌లో 15కి 15 గెలిచి, ఫైనల్లో అలబామాని 44-16తో ఓడించింది కాబట్టి అందరూ మర్చిపోయారు. ఫలితాన్ని చూసి నిర్ణయానికి మార్కులు వేయడం ఆటల్లో మామూలే.

రెండోవాడు హర్ట్స్. టువా స్టార్టర్ అయ్యాక అతని దారి కూడా అదేనని చాలామంది అనుకున్నారు. అదే శనివారం అలబామా తన ఐదో మ్యాచ్‌లో లూసియానాతో ఆడింది. హర్ట్స్ మైదానంలోకి వచ్చాడు. దాంతో రెడ్‌షర్ట్ అవకాశం పోయినట్టే. డిసెంబరు 1న కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడే లీగ్) ఫైనల్, మళ్లీ జార్జియా, మళ్లీ అట్లాంటాలో అదే స్టేడియం. టువా గాయపడ్డాడు, అలబామా 28-21తో వెనకబడి ఉంది. నాలుగో క్వార్టర్‌లో హర్ట్స్ వచ్చి 35-28తో గెలిపించాడు. డిగ్రీ పూర్తి చేసుకుని మరుసటి ఏడాది ఓక్లహోమాకి వెళ్లాడు, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. 2025 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కి సూపర్ బౌల్, అంటే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్, గెలిపించింది కూడా అతనే.

బ్రయంట్ చేసింది తప్పని, హర్ట్స్ చేసింది ఒప్పని తేల్చేయడం సులువు. నాకు అలా అనిపించదు. బ్రయంట్‌కి కాలేజీలో మిగిలింది ఒక్క ఏడాది, దాన్ని ఎవరి కోసం ఖర్చు పెట్టాలి? హర్ట్స్‌కి 2019 ఎలాగూ చేతిలో ఉంది. ఇద్దరి గడియారాలూ వేరు.

## పోర్టల్, డబ్బు వచ్చాక

2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే జాబితా అది. అంతకుముందు డిగ్రీ పూర్తికాని ఫుట్‌బాల్ ఆటగాడు మారితే సాధారణంగా ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలి. 2021లో ఒకసారికి ఆ శిక్ష తీసేశారు. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చు. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన రాజీతో యూనివర్సిటీలే నేరుగా చెల్లించే వీలు వచ్చింది. మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలకీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

దీంతో చాలాచోట్ల పోటీ ఆగస్టు నుంచి జనవరికి జరిగింది. డబ్బు పెట్టి వేరే జట్టు నుంచి తెచ్చుకున్నవాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టడానికి కోచ్ చాలా గట్టి కారణం చూపించాలి. రెండు మూడేళ్లు ఓపిగ్గా తయారైన బ్యాకప్‌లు తగ్గిపోయారన్నది కోచ్‌ల బాధ. ఆటగాళ్ల వైపు నుంచి చూస్తే కథ వేరు. 2018లో ఒహాయో స్టేట్‌లో డ్వేన్ హాస్కిన్స్ వెనకపడ్డ జో బరో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూ) మారాడు. డిగ్రీ అప్పటికే పూర్తయింది కాబట్టి ఏడాది కూర్చోనక్కర్లేకపోయింది. 2019లో 60 టచ్‌డౌన్ పాస్‌లు, 15-0, హైస్మన్, ఆ తర్వాత ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు. అతను ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌లోనే ఉండి ఓపికపట్టి ఉండాల్సిందని ఇప్పుడు ఎవరనగలరు?

## ఇద్దర్నీ ఆడిస్తే పోదా

అందరికీ వచ్చే ఆలోచనే. పని స్పష్టంగా పంచితే కుదురుతుంది. 2006లో ఫ్లోరిడాలో సీనియర్ క్రిస్ లీక్ అసలు క్వార్టర్‌బ్యాక్. ఒకటి రెండు గజాలు గుద్దుకుంటూ వెళ్లాల్సి వచ్చినప్పుడు మొదటి ఏడాది కుర్రాడు టిమ్ టీబో వచ్చేవాడు. ఇద్దరి ఆటా వేరు కాబట్టి ఒకరి పని ఒకరికి అడ్డం రాలేదు, టైటిల్ గెలిచారు.

ఇద్దరూ ఒకే పని చేసేవాళ్లయితే కష్టం. 1999లో మిషిగన్ కోచ్ లాయిడ్ కార్ మొదటి క్వార్టర్ టామ్ బ్రేడీకి, రెండో క్వార్టర్ డ్రూ హెన్సన్‌కి ఇచ్చి, హాఫ్‌టైమ్‌లో తేల్చుకునేవాడు. సీజన్ సాగేకొద్దీ పని బ్రేడీ చేతికే వచ్చింది. ఒహాయో స్టేట్ అనుభవం ఇంకా చిత్రం. 2014లో బ్రాక్స్‌టన్ మిల్లర్ సీజన్ ముందే గాయపడ్డాడు, అతని స్థానంలో వచ్చిన జె.టి. బ్యారెట్ మిషిగన్ మ్యాచ్‌లో గాయపడ్డాడు. మూడోవాడు కార్డేల్ జోన్స్ విస్కాన్సిన్‌ని 59-0తో, తర్వాత అలబామా, ఆరిగన్‌లని ఓడించి టైటిల్ తెచ్చాడు. మరుసటి ఏడాది జోన్స్, బ్యారెట్ ఇద్దరూ ఉన్నారు. ఇంత సంపద ఉన్న జట్టు మరొకటి లేదు. సీజనంతా ఇద్దరి మధ్య ఊగిసలాటతోనే గడిచింది, మిషిగన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడి ప్లేఆఫ్ పోగొట్టుకుంది. ఓటమికి అదొక్కటే కారణం అనలేం. కాకపోతే ఇద్దరు గాయపడి మూడోవాడితో నెట్టుకొచ్చిన ఏడాది జట్టులో ఉన్న కుదురు, ఇద్దరు సిద్ధంగా ఉన్న ఏడాది కనపడలేదు.

## డెప్త్ చార్ట్‌లో ఆ ‘లేదా’

ఏ స్థానంలో ఎవరు మొదటివాడు, ఎవరు రెండోవాడు అని జట్టు విడుదల చేసే పట్టిక డెప్త్ చార్ట్. క్వార్టర్‌బ్యాక్ గడిలో తరచుగా ఇద్దరి పేర్లుంటాయి, మధ్యలో ‘లేదా’. దానికి చెప్పే కారణం ఒకటి, ప్రత్యర్థి ఇద్దరి కోసం సిద్ధమవ్వాలని. చెప్పనిది ఇంకొకటి, రెండోవాడు ప్రాక్టీసులో మనసు పెట్టి ఆడుతూ ఉండాలని. సీజన్ మొదలై అతను ఒక మ్యాచ్ ఆడేశాక అదే సీజన్‌లో ఇంకో జట్టుకి ఆడలేడు, బ్రయంట్‌లా మధ్యలో వదిలేస్తే తప్ప డిసెంబరు దాకా బ్యాకప్ ఉన్నట్టే.

2022లో మిషిగన్ కోచ్ జిమ్ హార్బా దీన్ని బహిరంగంగా చేశాడు. మొదటి మ్యాచ్ కేడ్ మెక్‌నమారాకి, రెండోది జె.జె. మెకార్తీకి ఇస్తానని ముందే ప్రకటించాడు. కొలరాడో స్టేట్ మీద 51-7, హవాయి మీద 56-10. మెకార్తీ 12 సార్లు విసిరితే 11 అందాయి, మూడు టచ్‌డౌన్లు. ఉద్యోగం అతనికే వచ్చింది. అంత బలహీనమైన జట్ల మీద ఆడించి కోచ్ కొత్తగా తెలుసుకున్నది పెద్దగా ఉండకపోవచ్చు, ఆగస్టులోనే అతనికి ఒక అభిప్రాయం ఏర్పడి ఉంటుందని నా అనుమానం. ఆ రెండు శనివారాలు ఉపయోగపడింది డ్రెస్సింగ్ రూమ్‌లో మిగతావాళ్లకి, మెక్‌నమారాని అభిమానించేవాళ్లకి. అతను జట్టుకి కాన్ఫరెన్స్ టైటిల్ తెచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు మరి.

మెకార్తీ 2023 సీజన్‌లో మిషిగన్‌కి 15-0తో జాతీయ టైటిల్ గెలిపించాడు. మెక్‌నమారా పోర్టల్ ద్వారా అయోవాకి వెళ్లాడు. 2021 కాన్ఫరెన్స్ ఫైనల్లో అతని నాయకత్వంలో మిషిగన్ 42-3తో ఓడించింది ఆ అయోవానే.